వాతావరణ శాస్త్రజ్ఞుడు

వాతావరణ శాస్త్రజ్ఞుడు అనగా భూమిని ఆవరించియున్న వాయుమండలములో జరుగు మార్పులను పరిశీలించి, వాటి కారణములను అధ్యయనము చేసి, రాబోవు మార్పులను ముందుగా అంచనా వేయు శాస్త్రజ్ఞుడు. ఈ శాస్త్రమును తెలుగులో వాతావరణ శాస్త్రము అనియు, ఆంగ్లములో మీటియరాలజీ అనియు అందురు. ఎండ, వాన, గాలి, తేమ, పీడనము, మేఘములు, పిడుగులు, తుపానులు ఈ శాస్త్ర పరిధిలోనికి వచ్చును. వర్షముపై ఆధారపడిన వ్యవసాయము, తరచు తుపానుల తాకిడికి లోనగు పొడవైన సముద్రతీరము, వేసవిలో తీవ్రమైన వడగాలులు గల ఆంధ్రప్రదేశ్‌లో ఈ వృత్తికి విశేషమైన ప్రాధాన్యత ఉన్నది. పల్నాడు జిల్లాలో మాచర్ల, గురజాలల నడుమ ఉన్న రెంటచింతల గ్రామము పేరు ప్రతి వేసవిలోను వార్తలలో వినిపించుటకు కారణము అక్కడ నెలకొనిన వాతావరణ పరిశీలన కేంద్రమే.

పద వివరణ

వాడుకలో వాతావరణము, శీతోష్ణస్థితి అను పదములను ఒకే అర్థములో ఉపయోగించుచుందురు. శాస్త్ర దృష్టిలో ఇవి రెండును వేరు. ఒక ప్రదేశములో ఒక రోజున లేక కొన్ని రోజులలో గాలి, ఎండ, వానల స్థితి ఎట్లున్నదో తెలుపునది వాతావరణము. అనేక సంవత్సరముల (సాధారణముగా 30 సంవత్సరముల) సగటును బట్టి ఆ ప్రదేశపు సహజ స్వభావమును తెలుపునది శీతోష్ణస్థితి. మాచర్లలో ఈ రోజు వర్షము కురియునా లేదా అనునది వాతావరణ ప్రశ్న. మాచర్ల ప్రాంతమున ఏ పంట వేయుట క్షేమము అనునది చాలావరకు శీతోష్ణస్థితికి సంబంధించిన ప్రశ్న.

తుపానుకు ఆంగ్లములో వాడు సైక్లోన్ అను పదమును 19వ శతాబ్దపు మధ్యకాలమున కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ ప్రచారములోనికి తెచ్చెను. ఆయన బంగాళాఖాతపు తుపానులను గురించి ఓడల దినచర్య పుస్తకముల ఆధారముగా పరిశోధన చేసెను. గోదావరి ముఖద్వారమున గల కోరంగి రేవు 1839లో ఉప్పెన వలన నాశనమైన కాలమది.

చరిత్ర

పూర్వ రంగము

వాన రాకపోయిన ఏమి జరుగునో తెలుగువారికి అనుభవపూర్వకముగా తెలియును. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు ప్రాంతములో వచ్చిన కరువును డొక్కల కరువు అని పిలిచిరి. ఆనాటి గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభా ఉండగా అందులో లక్షన్నర మంది వరకు మరణించినట్లు అంచనా. వాన ఎక్కువైనను ప్రమాదమే. 1864 అక్టోబరు 5న కలకత్తాను, అదే సంవత్సరము నవంబరు 1న మచిలీపట్నమును తుపానులు తాకినవి. మచిలీపట్నమున ఉప్పెన నీరు ఊరిని ముంచివేసి సుమారు 30,000 మందిని బలిగొన్నది. దీని తరువాత 1866లోను, 1871లోను ఋతుపవనములు విఫలమైనవి. దేశమంతటి పరిశీలనలను ఒకచోట చేర్చు సంస్థ ఉండవలెనను ఆలోచన ఈ విపత్తుల నుండి పుట్టినదే.

విశాఖపట్నములో వేధశాల

ప్రభుత్వ శాఖ ఏర్పడుటకు పూర్వమే విశాఖపట్నములో ఒక తెలుగు జమీందారు ఈ పనిని ప్రారంభించెను. గోడే వెంకట జగ్గారావు మద్రాసులో ఖగోళ శాస్త్రము అభ్యసించి, 1840లో విశాఖపట్నమునందు తన స్వంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పెను. 1856లో ఆయన మరణించిన పిదప అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపెను. అచ్చట ఖగోళ పరిశీలనలతో పాటు వర్షపాతము, ఉష్ణోగ్రత, పీడనములను కూడ నమోదు చేసెడివారు.

భారత వాతావరణ శాఖ

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధికారి. హిమాలయములపై మంచు ఎక్కువగా ఉన్న సంవత్సరములలో ఋతుపవనములు బలహీనమగునని ఆయన గుర్తించి, దాని ఆధారముగా 1886లో దేశములో మొట్టమొదటి ఋతుపవన అంచనాను వెలువరించెను. 1904 నుండి 1924 వరకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రవేత్త. భారతదేశపు వానలకు గల కారణములను వెదకుచు ఆయన ప్రపంచమంతటి పీడనపు లెక్కలను పోల్చి చూచి, పసిఫిక్, హిందూ మహాసముద్రముల మధ్య పీడనము తూగుటుయ్యాల వలె మారుచుండుటను కనుగొనెను. దీనికి దక్షిణ డోలనము అని పేరు. నేడు వార్తలలో తరచుగా వినిపించు ఎల్‌నినో దీనితో ముడిపడినదే. 1944లో ఎస్.కె.బెనర్జీ ఈ శాఖకు మొదటి భారతీయ డైరెక్టర్ జనరల్ అయ్యెను. 2006 నుండి ఈ శాఖ కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ క్రింద పనిచేయుచున్నది. 2025 జనవరితో శాఖకు 150 సంవత్సరములు నిండినవి.

ప్రముఖులు

- పంచేటి కోటేశ్వరం: 1969 నుండి 1975 వరకు భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్. వేసవి ఋతుపవన కాలమున దక్షిణ భారతదేశము మీదుగా చాలా ఎత్తున తూర్పు నుండి పడమరకు వేగముగా వీచు గాలుల ప్రవాహమును గురించి 1958లో ఆయన ప్రచురించిన పరిశోధన అంతర్జాతీయ ఖ్యాతిని పొందినది. 1975లో పద్మభూషణ్ పురస్కారమును అందుకొనెను.
- టి.ఎన్.కృష్ణమూర్తి (1932-2018): ఆంధ్ర విశ్వవిద్యాలయములో పట్టా పొంది, తదుపరి అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయములో డాక్టరేటు చేసి, ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా పనిచేసెను. కంప్యూటరు నమూనాల ద్వారా ఋతుపవనములను, తుపానులను అంచనా వేయు విధానములలో ఆయన కృషి ముఖ్యమైనది.
- అన్నా మణి (1918-2001): కేరళకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. వాతావరణ పరికరములు విదేశముల నుండి దిగుమతి చేసుకొను రోజులలో వాటిని దేశములోనే తయారు చేయుటకు, వాటి ప్రమాణములను సరిచూచుటకు పాటుపడినది.

విద్య

వాతావరణ శాస్త్రము మూలమున భౌతిక, గణిత శాస్త్రముల అనువర్తనము. కావున ఈ వృత్తిలోనికి రాదలచిన విద్యార్థి ఇంటర్మీడియట్‌లో గణితము, భౌతిక శాస్త్రము, రసాయన శాస్త్రము గల విభాగమును తీసుకొనుట అవసరము. డిగ్రీ స్థాయిలో గణితము, భౌతిక శాస్త్రము చదివినవారు పోస్టు గ్రాడ్యుయేషన్‌లో ఈ శాస్త్రమును ప్రత్యేకముగా అభ్యసింపవచ్చును.

తెలుగు ప్రాంతములలో ఈ విద్యకు పుట్టినిల్లు విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వవిద్యాలయము. ఇచ్చటి వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగము దేశములోని తొలి విభాగములలో ఒకటి. 1950వ దశకమున అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇచ్చటికి వచ్చి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతమును పరిశోధించెను. ఒక ప్రాంతమున కురిసిన వాన, ఆవిరియైన నీరు, నేలలో నిలిచిన తేమల జమాఖర్చులను లెక్కించు జల సంతులన అధ్యయనములకు ఆచార్య వి.పి.సుబ్రహ్మణ్యం ఇచ్చట పేరు తెచ్చెను. హైదరాబాదు విశ్వవిద్యాలయములో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రముల కేంద్రము కలదు. ఇతర రాష్ట్రములలో కొచ్చిన్, పుణె విశ్వవిద్యాలయములు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఢిల్లీ, ఖరగ్‌పూర్, భువనేశ్వర్ ఐఐటీలు ఈ రంగములో బోధన, పరిశోధన నిర్వహించుచున్నవి.

విద్యార్థులు అభ్యసించు ముఖ్యాంశములు ఇవి:

- వాయు గతి శాస్త్రము: భూభ్రమణము, పీడన భేదముల వలన గాలి ఎట్లు కదులునో తెలుపునది.
- ఉష్ణగతిక శాస్త్రము: గాలి పైకి లేచినపుడు చల్లబడుట, తేమ మేఘముగా మారుట మొదలగునవి.
- మేఘ భౌతిక శాస్త్రము: వాన చినుకు, వడగల్లు, పిడుగు పుట్టు విధానము.
- సినాప్టిక్ విశ్లేషణ: ఒకే సమయమున అనేక కేంద్రములలో తీసిన కొలతలను పటముపై గుర్తించి పరిస్థితిని అర్థము చేసుకొనుట.
- సంఖ్యాత్మక అంచనా: వాయుమండలమును గడులుగా విభజించి సమీకరణములను కంప్యూటరుతో సాధించుట.
- వ్యవసాయ వాతావరణ శాస్త్రము, ఉపగ్రహ, రాడార్ పరిశీలన, శీతోష్ణస్థితి శాస్త్రము.

భారత వాతావరణ శాఖలో చేరినవారికి పుణెలోని శాఖా శిక్షణ సంస్థలో తర్ఫీదు ఇచ్చెదరు. సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగములకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ద్వారా ఎంపిక జరిగినది కలదు. భారత వాయుసేనలో వాతావరణ విభాగము ప్రత్యేకముగా ఉన్నది. ఇస్రో కేంద్రములు, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, తిరుపతి సమీపమున గాదంకిలో గల జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ కూడ ఈ శాస్త్రము చదివినవారికి పనిచేయు అవకాశము గల సంస్థలు.

వృత్తి విధానము

వాతావరణ శాస్త్రజ్ఞుని పనిని స్థూలముగా నాలుగు భాగములుగా చెప్పవచ్చును.

పరిశీలన

అన్నిటికీ మూలము కొలత. పరిశీలన కేంద్రపు ఆవరణలో తెల్లని రంగు వేసిన, గాలి ఆడుటకు పక్కలకు పలకల సందులు గల ఒక కొయ్య పెట్టె నేల నుండి సుమారు 4 అడుగుల ఎత్తున నిలిపి ఉండును. దీనిని స్టీవెన్‌సన్ పెట్టె అందురు. మన దేశములో దీని తలుపు ఉత్తరమునకు ఉండును. తెరచినపుడు ఎండ నేరుగా ఉష్ణమాపకములపై పడకుండుటకే ఈ ఏర్పాటు. ఇందులో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణమాపకములతో పాటు పొడి బల్బు, తడి బల్బు ఉష్ణమాపకములు ఉండును. తడి బల్బుకు చుట్టిన గుడ్డ నుండి నీరు ఆవిరియగుట వలన అది తక్కువ వేడిని చూపును. రెండింటి వ్యత్యాసమును బట్టి గాలిలోని తేమను లెక్కింతురు. ఆవరణలో వర్షమాపకము, గాలి దిక్కును, వేగమును తెలుపు పరికరములు ఉండును. కొన్ని కేంద్రములలో నీరు ఆవిరియగు ప్రమాణమును కొలుచు తొట్టి కూడ ఉండును.

వార్తలలో చెప్పు ఉష్ణోగ్రత ఈ పెట్టెలోని నీడపట్టు గాలి ఉష్ణోగ్రత మాత్రమే. ఎండలో ఉంచిన ఉష్ణమాపకము గాలి వేడిని కాక తనపై పడిన ఎండను చూపును గనుక ఆ కొలత చెల్లదు. అదే సమయమున నాపరాతి బండ, తారు రోడ్డు ఇంతకంటె ఎంతో ఎక్కువ వేడెక్కియుండును.

దేశములో ఉదయము 8.30 గంటలకు, సాయంత్రము 5.30 గంటలకు తీయు కొలతలు ప్రధానమైనవి. ఉదయము 8.30కి ముగిసిన 24 గంటలలో కురిసిన వానను ఆ రోజు వర్షపాతముగా లెక్కింతురు. 2.5 మిల్లీమీటర్లు లేక అంతకు మించి వాన పడిన రోజునే వర్షపు దినము అందురు. పండుగ, సెలవు, తుపాను అను తేడా లేక ఈ పని జరుగవలెను. ఒక రోజు తప్పిన కొలతను మరల ఎవరును తీయజాలరు.

పై గాలుల పరిశీలనకు హైడ్రోజన్ నింపిన బెలూనుకు రేడియోసోండ్ అను చిన్న పరికరమును కట్టి వదలుదురు. అది పైకి పోవుచు ఉష్ణోగ్రత, తేమ, పీడనములను రేడియో ద్వారా క్రిందికి పంపును. విశాఖపట్నము, మచిలీపట్నము, హైదరాబాదులలో ఇట్టి కేంద్రములు కలవు. మచిలీపట్నము, విశాఖపట్నము, హైదరాబాదులలోని డాప్లర్ రాడార్లు మేఘములలోని నీటి చినుకులను, వాటి కదలికను చూపును. శ్రీహరికోట నుండి 2002లో ప్రయోగించిన కల్పన-1 పూర్తిగా వాతావరణ పరిశీలనకే ఉద్దేశింపబడిన మొదటి భారతీయ ఉపగ్రహము. 2024 ఫిబ్రవరిలో ఇన్శాట్-3డీఎస్ అక్కడి నుండియే ప్రయోగింపబడినది.

విశ్లేషణ

ఒక కేంద్రపు కొలతలు ఆ ఊరికి మాత్రమే పనికివచ్చును. వందల కేంద్రముల కొలతలను ఒకే పటముపై ఉంచినపుడు అల్పపీడనము ఎచ్చట ఉన్నది, ఎటు కదులుచున్నది అను విషయము తెలియును. అందువలననే ప్రపంచమంతటను ఒకే సమయమున కొలతలు తీసి పరస్పరము పంచుకొందురు. 1950లో ఏర్పడిన ప్రపంచ వాతావరణ సంస్థ ఈ సహకారమును నిర్వహించుచున్నది. ప్రతి సంవత్సరము మార్చి 23న ప్రపంచ వాతావరణ దినము జరుపుదురు.

అంచనా

వాయుమండలపు కదలికలను సమీకరణములతో లెక్కించి ముందుగా చెప్పవచ్చునని ఆంగ్లేయుడు ఎల్.ఎఫ్.రిచర్డ్‌సన్ 1922లో ప్రతిపాదించెను. అతడు చేతితో లెక్కించి చూచిన మొదటి ప్రయత్నము విఫలమైనను మార్గము సరియైనదే. 1950లో అమెరికాలో మొదటిసారి కంప్యూటరుతో ఇట్టి అంచనా సాధ్యమైనది. భారతదేశములో ఇందుకై 1988లో జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రము ఏర్పడినది. 2025 మే నెలలో 6 కిలోమీటర్ల గడులతో పనిచేయు భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అమలులోనికి వచ్చినది.

కంప్యూటరు చెప్పినదంతయు యథాతథముగా ప్రకటింపరు. నమూనాల మధ్య భేదములను పోల్చి, రాడార్, ఉపగ్రహ చిత్రములతో సరిచూచి, స్థానిక అనుభవముతో నిర్ణయము తీసుకొనవలసినది శాస్త్రజ్ఞుడే.

హెచ్చరిక

అంచనాను ప్రజలకు అర్థమగు రీతిలో, సకాలమున చేర్చుట చివరి మెట్టు. ఇందుకు నాలుగు రంగులను వాడుదురు. ఆకుపచ్చ అనిన ప్రమాదము లేదు. పసుపు అనిన గమనించుచుండవలెను. నారింజ అనిన సిద్ధముగా ఉండవలెను. ఎరుపు అనిన వెంటనే చర్య తీసుకొనవలెను. 24 గంటలలో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వరకు వానను భారీ వర్షము అనియు, 115.6 నుండి 204.4 వరకు అతిభారీ వర్షము అనియు, అంతకు మించినదానిని అత్యంత భారీ వర్షము అనియు అందురు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి అమరావతి వాతావరణ కేంద్రము, విశాఖపట్నము తుపాను హెచ్చరికల కేంద్రము, తెలంగాణకు హైదరాబాదు వాతావరణ కేంద్రము సమాచారమును వెలువరించును.

పల్నాడులో వాతావరణ పరిశీలన

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా ఏర్పడినది. అంతకు ముందు ఇది గుంటూరు జిల్లాలో భాగము. ఉత్తరమున కృష్ణానది, నైరుతి దిశన నల్లమల కొండలు, నడుమ సున్నపురాతి నేలలు గల ప్రాంతమిది. మాచర్ల పట్టణము చంద్రవంక ఒడ్డున ఉన్నది.

రెంటచింతల ఎండలు

నడికుడి నుండి మాచర్లకు పోవు రైలు మార్గములో మాచర్లకు ముందు వచ్చు రెంటచింతలలో భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రము కలదు. మే నెలలో ఇచ్చట ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటిన సందర్భములు అనేకము. రాష్ట్రములో అత్యధిక ఉష్ణోగ్రత నమోదైన ప్రదేశముగా దీని పేరు పలుమార్లు వచ్చినది. ఇందుకు గల కారణములను ఇట్లు చెప్పవచ్చును:

- మాచర్ల సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. మే మొదటి వారములో మధ్యాహ్న సూర్యుడు ఇచ్చట సరిగా నడినెత్తిన ఉండును.
- సముద్రము వంద కిలోమీటర్లకు మించిన దూరమున ఉన్నందున తీర ప్రాంతమును సాయంత్రము చల్లబరచు సముద్రపు గాలి ఇంత లోపలికి వచ్చుట అరుదు.
- ఆ కాలమున వాయువ్య దిశ నుండి వీచు పొడిగాలులు ఎండిన భూభాగముల మీదుగా వేడెక్కి వచ్చును.
- నేలలో తేమ లేనపుడు సూర్యుని వేడి నీటిని ఆవిరి చేయుటకు ఖర్చు కాక నేరుగా రాతిని, మట్టిని, వాటిపైనున్న గాలిని వేడి చేయును.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఉష్ణమాపకము ఉన్నచోటనే రికార్డు నమోదగును. రెంటచింతల పేరు ప్రసిద్ధమగుటకు అచ్చటి ఎండ ఎంత కారణమో, అచ్చట పరిశీలన కేంద్రము ఉండుట కూడ అంత కారణము. తరువాతి కాలమున రాష్ట్ర ప్రభుత్వము మండలములలో స్వయంచాలిత వాతావరణ కేంద్రములను ఏర్పాటు చేయగా, ఇతర ప్రాంతములలోను అంతే వేడి, కొన్ని రోజులలో అంతకు మించిన వేడి ఉన్నట్లు తెలియవచ్చినది. అయినను దశాబ్దముల తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో తీసిన కొలతలకు ఉన్న విలువ వేరు. ఎండలు నిజముగా పెరుగుచున్నవా అను ప్రశ్నకు సమాధానము అట్టి కొలతలే చెప్పగలవు.

వడగాలి ప్రమాణములు

మైదాన ప్రాంతములలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసము 40 డిగ్రీలకు చేరి, సాధారణము కంటె 4.5 నుండి 6.4 డిగ్రీలు అధికముగా ఉన్నపుడు వడగాలి అనియు, అంతకు మించినపుడు తీవ్ర వడగాలి అనియు ప్రకటింతురు. సాధారణముతో పోల్చకుండ, 45 డిగ్రీలకు చేరిన వడగాలి, 47 డిగ్రీలకు చేరిన తీవ్ర వడగాలి అనునది మరియొక కొలమానము. తీరప్రాంతములకు ఈ హద్దు 37 డిగ్రీల నుండియే ప్రారంభమగును. గాలిలో తేమ అధికముగా ఉన్నపుడు చెమట ఆరదు. చెమట ఆరనిచో శరీరము చల్లబడదు. మాచర్లలో కుండ నీరు చల్లగా ఉండుటకు, కూలర్ బాగుగా పనిచేయుటకు పొడిగాలియే కారణము. బాపట్ల తీరమున అదే కూలర్ అంత మేలు చేయదు.

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా మరణించిరి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి 1,500 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వీరిలో ఎండలో పనిచేయు కూలీలు, వృద్ధులు ఎక్కువ. తుపాను వలె వడగాలి కంటికి కనిపించు విధ్వంసము చేయదు గనుక చాలాకాలము దీనిని విపత్తుగా పరిగణింపలేదు. 2013లో అహమ్మదాబాదు నగరము ముందస్తు వడగాలి కార్యాచరణ ప్రణాళికను అమలు చేసి దారి చూపినది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో కూడ అట్టి ప్రణాళికలు వచ్చినవి. ఏయే మండలములలో వడగాలులు వీచునో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందురోజే పేర్లతో సహా ప్రకటించుచున్నది. కూలి పనుల వేళలను ఉదయమునకు మార్చుట, చలివేంద్రములు ఏర్పరచుట వంటివి ఈ అంచనాలపై ఆధారపడి జరుగును.

వ్యవసాయ సూచనలు

పల్నాడులో మిరప, పత్తి ముఖ్యమైన వాణిజ్య పంటలు. నాగార్జునసాగర్ కుడి కాలువ క్రింద సాగు జరుగుచున్నను, మెట్ట భూములకు వానే ఆధారము. వాతావరణ సూచన రైతుకు ఉపయోగపడు సందర్భములు కొన్ని:

- తొలకరి వానకు పత్తి గింజలు విత్తిన తరువాత చాలా రోజులు వాన లేనిచో మొలకలు ఎండిపోవును. రైతు మరల విత్తనములు కొనవలసి వచ్చును. వర్ష విరామమును ముందుగా చెప్పగలిగిన ఈ ఖర్చు తప్పును.
- పురుగుమందు కొట్టిన వెంటనే వాన పడిన మందు కొట్టుకొనిపోవును. ఒక రోజు ముందు తెలిసిన పని వాయిదా వేసుకొనవచ్చును.
- మిరపకాయలను కోసి కల్లములో ఆరబోసిన రోజులలో అకాల వర్షము పడిన కాయ తడిసి రంగు మారి ధర పడిపోవును. రెండు రోజులు ముందు హెచ్చరిక అందిన కాయలను కుప్పచేసి పట్టాలు కప్పుటకు వ్యవధి ఉండును.
- పొలములో పనిచేయువారికి, పశువుల కాపరులకు పిడుగుపాటు సూచనలు ప్రాణరక్షకములు.

వ్యవసాయ విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు వాతావరణ శాఖ అంచనాలను పంటలకు అన్వయించి వారమునకు రెండుమార్లు సలహాలు ఇచ్చు పద్ధతి ఉన్నది. మేఘదూత్, దామిని అను మొబైల్ అనువర్తనములు కూడ వాడుకలో ఉన్నవి. దామిని పిడుగుల హెచ్చరికకు ఉద్దేశించినది.

తుపాను హెచ్చరికలు - ఫలితములు

గాలి వేగమును బట్టి అల్పపీడన వ్యవస్థలను ఈ క్రింది విధముగా వర్గీకరింతురు.

- వాయుగుండము: గంటకు 31 నుండి 50 కిలోమీటర్లు
- తీవ్ర వాయుగుండము: 51 నుండి 61
- తుపాను: 62 నుండి 88
- తీవ్ర తుపాను: 89 నుండి 117
- అతి తీవ్ర తుపాను: 118 నుండి 166
- అత్యంత తీవ్ర తుపాను: 167 నుండి 221
- పెను తుపాను: 222, అంతకు మించి

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాను తాకిన తుపాను మొదట పశ్చిమముగా పయనించి, తరువాత ఉత్తరమునకు మరలినది. దివిసీమలో సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడినది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించిరి. ఉపగ్రహ చిత్రములు పరిమితముగా ఉన్న ఆ రోజులలో తుపాను ఉనికి తెలిసినను, అది ఎచ్చట తాకునో సకాలమున తెలిసి, ఆ మాట మారుమూల లంక గ్రామములకు చేరి, జనులు కదలుటకు ఏర్పాట్లు చాలలేదు.

1990 మే 9న ఇంచుమించు అదే ప్రాంతమున, అంతే తీవ్రతతో మరియొక తుపాను తీరము దాటినది. ఈసారి ముందుగా హెచ్చరికలు వెలువడగా ఆరు లక్షలకు పైగా జనులను సురక్షిత ప్రాంతములకు తరలించిరి. మరణములు సుమారు 967. ఆస్తి నష్టము మాత్రము తప్పలేదు. 13 సంవత్సరముల వ్యవధిలో వచ్చిన ఈ రెండు తుపానులను పోల్చి చూచిన హెచ్చరిక విలువ ఎంతటిదో తెలియును.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను వెయ్యిమందికి పైగా బలిగొని, కొబ్బరి తోటలను నేలమట్టము చేసినది. 2004 నుండి ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు పేర్లు పెట్టుచున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నమును నేరుగా తాకినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల సమీపమున తీరము దాటి పల్నాడు వరకు పంటలను దెబ్బతీసినది. ప్రాణనష్టము బాగుగా తగ్గినను, నిలిచిన పంటను తరలించుటకు మార్గము లేదు గనుక రైతు నష్టము అంతగా తగ్గలేదు.

కార్తెలు, పంచాంగము

తెలుగు రైతులు అనాదిగా సూర్యుడు నక్షత్రములలో సంచరించు కాలమును బట్టి 27 కార్తెలను లెక్కించుచున్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను సామెత మే చివరి వారపు ఎండ తీవ్రతను తెలుపును. మృగశిర కార్తె జూన్ మొదటి భాగమున ప్రవేశించును. అది ఋతుపవనములు వచ్చు కాలము. కార్తెలు సౌరమానమును అనుసరించునవి గనుక అవి ఒక విధముగా శీతోష్ణస్థితి పట్టిక వంటివి. ఏ కాలమున ఏమి ఆశింపవచ్చునో తరతరముల అనుభవముతో చెప్పును. అయితే ఈ సంవత్సరపు మృగశిరలో వాన ఏ రోజున పడునో కార్తె చెప్పజాలదు. అందుకు పరిశీలన, గణన అవసరము. ఈ రెండింటికి విరోధము లేదు. రెండును వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు.

పరిమితులు

వాతావరణ అంచనాలు కొన్నిసార్లు తప్పుట అందరికి తెలిసినదే. దీనికి శాస్త్రీయమైన కారణము ఉన్నది. 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ అను అమెరికా శాస్త్రవేత్త, ప్రారంభ కొలతలలోని అత్యల్ప భేదము కూడ కొద్ది రోజులలో పెరిగి పూర్తిగా భిన్నమైన ఫలితమునకు దారితీయునని నిరూపించెను. కావున రోజువారీ అంచనాకు సుమారు రెండు వారములు హద్దుగా భావింతురు. తుపాను మార్గమును నాలుగైదు రోజులు ముందుగా చెప్పుట నేడు సాధ్యమే గాని, వేసవి సాయంత్రము ఏ ఊరిపై ఉరుముల వాన పడునో చాలా ముందుగా చెప్పుట కష్టము. మాచర్లలో వాన కురిసి రెంటచింతలలో చినుకు పడకపోవుట సహజమే. అందువలననే అట్టి వానలకు రాడార్ చూచి రెండు మూడు గంటలు ముందుగా తక్షణ సూచనలు ఇచ్చెదరు.

ఈ కారణమున వాతావరణ శాస్త్రజ్ఞులు తమ అంచనాలను అవకాశముల రూపమున చెప్పుదురు. పలుచోట్ల, కొన్నిచోట్ల, ఒకటి రెండుచోట్ల అని ప్రకటనలలో వినిపించు మాటలు యథాలాపముగా వాడినవి కావు. ఎంత శాతము కేంద్రములలో వాన పడగలదో తెలుపుటకు నిర్ణయించిన పదములవి. హెచ్చరిక ఇవ్వక ప్రమాదము సంభవించిన ప్రాణములు పోవును. మాటిమాటికి వృథా హెచ్చరిక ఇచ్చిన జనులకు నమ్మకము పోవును. ఈ రెండింటి నడుమ నిర్ణయము తీసుకొనుటయే ఈ వృత్తిలో అన్నిటికంటె కఠినమైన పని.